గీతకు వెనకాల పడే వేలు

2022లో వానలు ఇంకా సరిగ్గా పట్టని రోజులు. హిందూపురంలో సైకిలు షాపుకూ టైలరు షాపుకూ మధ్య ఉండే ఇరుకు గది నా పనిచోటు. బయట బోర్డు మీద ‘అన్ని రకాల సంగీత వాయిద్యాలు రిపేరు చేయబడును’ అని రాయించాను. అన్ని రకాలు అని రాయించినందుకు పడాల్సిన పాట్లన్నీ పడ్డాను. భజన మండళ్ళ హార్మోనియంలు, బడుల బ్యాండు డ్రమ్ములు, పిల్లలు తొక్కిన కీబోర్డులు అన్నీ ఇక్కడికే వస్తాయి. ఒకాయన ప్రెషర్ కుక్కర్ తెచ్చి, “ఇదీ కూసేదే గదా, చూడు” అన్నాడు. చూశాను కూడా.

మా నాయన వీణలు చేసేవాడు. చెక్క పని ఆయన దగ్గర నేర్చుకున్నాను. తర్వాత బెంగుళూరులో ఒక గిటార్ల వర్క్‌షాపులో చాలా ఏళ్ళు పనిచేసి, అక్కడి ఇంటద్దెలు కట్టలేక తిరిగి వచ్చాను. అందువల్ల నాకు రెండు రకాల పని వచ్చు. ఒకటి కొలతను బెత్తెల్లో, జానల్లో చెప్పేది. ఇంకొకటి మిల్లీమీటర్లలో చెప్పేది. నేను చెప్పబోయే పనిలో ఆ రెండూ కొంతదూరం వచ్చి ఆగిపోయాయి.

ఖాసింను నేను ముందే ఎరుగుదును. ధర్మవరంలో ఒక ఆర్కెస్ట్రాలో ఏళ్ళ తరబడి గిటారు వాయించినవాడు. పట్టుచీరల ఊరు కాబట్టి అక్కడ పెళ్ళిళ్ళు ఘనంగా జరిగేవి. ఆర్కెస్ట్రా లేని పెళ్ళి అంటే చిన్నతనంగా ఉండేది. తర్వాత డీజే పెట్టెలు వచ్చి పదిమంది తినే అన్నం లాగేసుకున్నాయి. ఆర్కెస్ట్రా మూతపడ్డాక ఖాసిం తన ఊరు పెనుకొండకు పోయి, ఎర్రమంచి దగ్గరి కార్ల ఫ్యాక్టరీకి కార్మికులను చేరవేసే బస్సు తోలుకుంటున్నాడు. మనిషి నలభై దాటాడు. ఎవరికీ వాయించకపోయినా గిటారుకు తీగలు మార్పించుకోవడానికి మాత్రం తప్పకుండా నా దగ్గరికి వచ్చేవాడు.

ఈసారి దుప్పట్లో చుట్టి తెచ్చింది గిటారు కాదు, ఊద్. ఊద్ అంటే అరబ్బు దేశాల వాయిద్యం. సగానికి కోసిన గుమ్మడికాయలాంటి పొట్ట, పొట్టి మెడ, వెనక్కి విరిచినట్టున్న తల. తీగలు జంటలు జంటలుగా ఉంటాయి. గిటారు మెడ మీద అడ్డంగా బిగించే లోహపు కమ్మీలను ఫ్రెట్లు అంటాం. ఊద్‌కు అవి ఉండవు, మెడ నున్నగా ఉంటుంది.

“అన్నా, దీనికి ఫ్రెట్లు వేసిస్తావా?” అన్నాడు.

“ఎవరిదప్పా ఇది?”

“మా బావమరిదిది. కువైట్ నుంచి తెచ్చుకున్నాడు.”

“నువ్వు ఫ్రెట్లు వేయిస్తాండావని ఆయనకు తెలుసునా?”

“వేసినాక చెప్తాలే.”

“వేసినాక చెప్తే ఆయన కొట్టేది నిన్ను కాదు, నన్ను.”

టీ తెప్పించి కూర్చోబెట్టి అసలు సంగతి అడిగాను. బెంగుళూరులో గజళ్ళు పాడే మెహరున్నీసా గారని ఒకావిడ ఉంది. పుట్టింది హిందూపురంలోనే. ఆమె బృందంలో ఊద్ వాయించే పెద్దాయనకు చేతులు వణుకుతున్నాయట, ఈ ఏడాదితో మానుకుంటానన్నాడట. ఆమెకు ఖాసిం ఆర్కెస్ట్రా రోజుల నుంచీ తెలుసు. “గిటారు వాయించేవాళ్ళు నాకు వీధికి నలుగురు దొరుకుతారు. ఊద్ పట్టుకుని రా, ఆ చోటు నీది” అని కబురు చేసింది. డిసెంబరులో మేనకోడలి పెళ్ళి చీరలకోసం ధర్మవరం వస్తానని, అప్పుడు కూర్చుని వింటానని, కుదరకపోతే బెంగుళూరు కుర్రవాణ్ని ఒకణ్ని పెట్టుకుంటానని చెప్పింది.

“ఎన్నాళ్ళ నుంచో కొడ్తాండా అన్నా. పలకదు. ఫ్రెట్ లేకపోతే నా చెయ్యి గుడ్డిదైపోతాంది” అన్నాడు ఖాసిం. టీ గ్లాసు కింద పెట్టి, “మా ఇంటామె ముంతాజ్‌కి మాటిచ్చినా. ఇది గాన కుదరకపోతే రెండు గిటార్లూ అమ్మేసి ఇంగ పాట మాటే ఎత్తనని” అన్నాడు.

“ఆయమ్మ అడిగిందా ఆ మాట?”

“ల్యా. నేనే ఇచ్చినా.”

అడగని మాట ఇచ్చేవాడితో వాదించి లాభం లేదు. నేను చేతిలో ఉన్న హార్మోనియం పక్కన పెట్టాను.

అతని కష్టం ఏమిటో ఒక్కమాటలో చెప్తాను. గిటారులో తీగను నొక్కేది వేలు, కానీ స్వరాన్ని నిలబెట్టేది ఫ్రెట్. వేలు కాస్త అటూ ఇటూ పడినా స్వరం మారదు. ఊద్‌లో ఆ కాపలా లేదు. వేలి కొసే ఫ్రెట్. వెంట్రుకవాసి తప్పితే స్వరం తప్పుతుంది. ఇది కాక గిటారు చేతికి ఊద్‌లో చిల్లర కష్టాలు చాలా ఉన్నాయి. గుండ్రటి పొట్ట ఒళ్ళో నిలవక జారుతుంది. లోతెక్కువై కుడి మోచెయ్యి పైకి లేస్తుంది. చెక్క బిరడాలతో శ్రుతి చేయడం అలవాటు లేనివాడికి పెద్ద తపస్సు.

బావమరిది ఊద్‌ను మళ్ళీ దుప్పట్లో చుట్టించి ఇంటికి పంపించాను. “నీకు కావాల్సింది ఊద్ గొంతు, గిటారు మెడ. అట్లాంటిది కొత్తది చేసి చూస్తా. కుదురుతాదని మాత్రం చెప్పను” అన్నాను.

పొట్టకు మల్బరీ చెక్క వాడాను. మా చుట్టుపక్కల పట్టుపురుగుల కోసం వేసేవి పొదలు, అవి పొయ్యిలోకి తప్ప పనికిరావు. కానీ కొత్తచెరువు దగ్గర ఒక రైతు కొట్టంలో ఏళ్ళనాటి చెట్టు మల్బరీ దుంగ ఎండి పడి ఉంది. దాని ఆకు తిన్న పురుగులెన్నో గానీ, ఆ చెక్క మాత్రం వేలితో కొడితే గంటలా పలికింది. దాన్ని పలుచటి బద్దలుగా కోసి, నీళ్ళలో తడిపి, వేడి ఇనుప గొట్టం మీద వంచి, ఒకదాని పక్కన ఒకటి అతికించాను. పొట్ట లోతు తగ్గించి, అడుగున కొంచెం బల్లపరుపుగా ఉంచాను, ఒళ్ళో కుదురుగా కూర్చోవడానికి. బిరడాలకు బదులు గిటారుకుండే పళ్ళచక్రాల కీలు పెట్టాను.

మెడ దగ్గర కొంచెం ఆలోచించాల్సి వచ్చింది. తీగ మోగే పొడవును స్కేల్ లెంగ్త్ అంటారు. ఊద్‌కు అది గిటారుకన్నా తక్కువ. గిటారులో మొదటి ఫ్రెట్ దగ్గర కేపో అనే క్లిప్పు బిగిస్తే తీగ కొంత పొట్టిదవుతుంది. ఆ మిగిలిన పొడవునే తీసుకున్నాను. అది ఊద్‌కు దగ్గరగానే ఉంటుంది, గిటారు వేళ్ళకూ తెలిసిన దూరాలే తగులుతాయి. ఈ ఉపాయం తట్టిన రోజు నా అంతటి తెలివైనవాడు అనంతపురం మొదలు బెంగుళూరు దాకా లేడనుకున్నాను.

ఖాసిం అడిగినట్టే ముందు ఫ్రెట్లు వేసి ఇచ్చాను. అతను పట్టుకున్న ఐదు నిమిషాలకే పాట వచ్చేసింది. ముఖం వెలిగిపోయింది. అక్కడే ఫోనులో రికార్డు చేసి మెహరున్నీసా గారికి పంపించాడు. సాయంత్రం ఆవిడే ఫోను చేసింది. ఖాసిం స్పీకర్ పెట్టాడు.

“బాగుండాది భాయ్. మంచి మాండలిన్” అంది.

“మాండలిన్ కాదు ఆపా, ఊద్.”

“మాండలిన్. ఊద్‌లో స్వరం మీద నుంచి స్వరం మీదికి జారితే నూనెలో జారినట్టుండల్ల. నీది మెట్లు దిగినట్టుండాది. మెట్లు తీసేయ్, అప్పుడు వింటా.”

ఆవిడ చెప్పింది నిజం. నాకు వింటున్నప్పుడే తెలిసింది, ఖాసిం ముఖం చూసి అనలేకపోయాను. మరునాడు ఫ్రెట్లన్నీ పీకేశాను. పీకిన గాడుల్లో పసుపురంగు పనసచెక్క పట్టీలు దించి నున్నగా చేశాను. నల్లటి ఫింగర్‌బోర్డు మీద ఫ్రెట్లు ఉన్నచోటల్లా పసుపు గీతలు. ఫింగర్‌బోర్డు అంటే మెడ మీద వేళ్ళు ఆనే పలక. కమ్మీ లేదు కాబట్టి స్వరం జారుతుంది, గీత ఉంది కాబట్టి చెయ్యి గుడ్డిది కాదు. ఇంక కథ అయిపోయిందనుకున్నాను.

అప్పుడు మొదలైంది అసలు కథ. ఖాసిం ఏ గీత దగ్గర నొక్కినా స్వరం కొద్దిగా తగ్గి పలుకుతోంది. ఒకటి రెండు కాదు, అన్నీ. గీతలే తప్పు వేశానేమోనని స్కేలు పెట్టి మళ్ళీ కొలిచాను. సరిగ్గానే ఉన్నాయి. శ్రుతి చూపే ట్యూనర్ పెట్టి, నా వేలితో గీత మీద నొక్కి మీటాను. ఏ తేడా లేకుండా పలికింది. వాయిద్యం ఖాసిం చేతికిచ్చాను. మళ్ళీ తగ్గింది.

“నీకూ దీనికీ ఏమన్నా పగ ఉండాదేమప్పా?” అన్నాను.

అతను నవ్వలేదు. నేను స్టూలు దగ్గరికి జరుపుకుని, పాట వినడం మానేసి అతని వేళ్ళు మాత్రమే చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి కనబడింది. వేలు గీత మీద పడటం లేదు. గీతకు వెనకాల పడుతోంది.

గిటారు వాయించేవాళ్ళకు మాత్రమే జరిగే తప్పు ఇది. గిటారులో వేలు కమ్మీ మీద పెడితే తీగ మొద్దుబారుతుంది. కమ్మీకి కొంచెం వెనకాల, తల వైపున నొక్కాలి. గురువు మొదటిరోజు నేర్పే పాఠం అదే. ఖాసిం ఆ పాఠాన్ని తన బతుకంతా తప్పకుండా పాటించాడు. ఇక్కడ కమ్మీ లేదు, గీత మాత్రమే ఉంది. కన్ను గీతను చూస్తుంది, చెయ్యి దాన్ని కమ్మీ అనుకుంటుంది, వేలు మర్యాదగా వెనక్కి జరిగి కూర్చుంటుంది. తీగ అంతమేర పొడుగవుతుంది, స్వరం తగ్గుతుంది. వీణకు కూడా మెట్లుంటాయి కాబట్టి మా నాయన దగ్గర ఇది నేర్చుకునే అవసరం రాలేదు. బెంగుళూరులో చేసినవన్నీ ఫ్రెట్లున్న గిటార్లే.

“గీత మీదనే పెట్టు” అన్నాను.

“పెడతాండా గదన్నా.”

నిజంగానే పెట్టాడు. ఒక్కొక్క స్వరం నెమ్మదిగా మీటినంతసేపూ గీత మీదే పెట్టాడు. పాట అందుకున్నాడో లేదో వేళ్ళు వెనక్కి పోయాయి. గీతల మీద నల్ల టేపు అంటించి చూశాను. చెయ్యి మళ్ళీ గుడ్డిదైంది. ఆదివారాలు పెనుకొండ నుంచి బస్సెక్కి వచ్చేవాడు, గుర్తున్నంతసేపు సరిగ్గా వాయించేవాడు, మరిచిపోయినప్పుడు తప్పేవాడు. మరిచిపోతే తప్ప సంగీతం రాదు, అదీ చిక్కు. దసరా దాటేసరికి రావడం మానేశాడు. ఫోను చేస్తే డ్యూటీ ఉందనేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం ముంతాజ్ వచ్చింది, ఖాసిం భార్య. ఆసుపత్రి పనిమీద హిందూపురం వచ్చి అటునుంచి ఇటు వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

“అన్నా, ఆ మనిషి గిటార్లు రెండూ అటక మీద పెట్టేసినాడు. అమ్మేదానికి ఎవరితోనో మాట్లాడతాండాడు. నువ్వు ఒక్క మాట చెప్పు. ఆ వాయిద్యం అయితాదా, కాదా?”

“ఆయనేమన్నాడమ్మా?”

“తన చేతిలోనే లోపమంటాడు. ఎవరో తల కొట్టేసినట్టు తిరుగుతాండాడు. గిటార్లు అమ్మమని నేనెప్పుడన్నా అంటినా? పాటకు పోతే ఇంటికి ఎప్పుడొస్తాడో తెలీదు, నిజమే. పాట లేకపోతే ఇంట్లోనే ఉంటాడు, కానీ ఉన్నట్టుండదు. కాదంటే కాదని చెప్పన్నా. అదేదో తేల్చుకుంటాం.”

నాకు చాలా సిగ్గేసింది. వాయిద్యం తయారైపోయిందని నేను ఆపేశాను. మిగిలిందంతా అతని అభ్యాసం మీదికి నెట్టేశాను. చెప్పుకు తగ్గట్టు కాలు కోసుకోమని చెప్పి, కోసుకోవడం రాలేదని కాలునే తప్పుపట్టాను.

“అయితాదని చెప్పలేనమ్మా. కానీ నా పని ఇంకా అయిపోల్యా. ఆదివారం పంపించు” అన్నాను.

ఆదివారం ఖాసిం వచ్చాడు, పిలిస్తే వచ్చినట్టుగా. వాయిద్యం ఇచ్చి, వేళ్ళను సుద్దపొడిలో ముంచుకోమన్నాను.

“ఇదేందన్నా?”

“అడగొద్దు. నీకు బాగా వచ్చిన పాట వాయించు. సరిగ్గా వాయించాలని అనుకోవద్దు. పెండ్లిలో వాయించినట్టు వాయించు.”

నల్ల పలక మీద తెల్ల మచ్చలు పడ్డాయి. వాటిని కొలిచి రాసుకుని, తుడిచి, మళ్ళీ వాయించమన్నాను. ఇంకో పాట, ఇంకో పాట. సాయంత్రానికి విషయం తేలింది. అతని వేలు ఎలా పడితే అలా తప్పడం లేదు. మెడ పైభాగంలో గీతకు బాగా వెనకాల, కిందికి వచ్చేకొద్దీ దగ్గరగా, ప్రతిసారీ ఒకేచోట తప్పుతోంది. ఇంత నమ్మకంగా తప్పే చెయ్యిని మార్చడంకన్నా గీతను మార్చడం తేలిక.

పాత ఫింగర్‌బోర్డు ఊడదీసి కొత్తది అతికించాను. ఈసారి గీతలు స్వరం పలికేచోట వేయలేదు. అతని వేలు ఎంత వెనక్కి పోతుందో గీతను అంత ముందుకు జరిపాను. అతను తన అలవాటు ప్రకారం గీతకు వెనకాల నొక్కితే, ఆ వెనకాల అనేదే సరైన చోటు అవుతుంది.

చెప్పడం సులువు. చేస్తున్నప్పుడు చెయ్యి రాలేదు. మా ఇంట్లో వీణ మెట్టు ఒక దారం మందం తప్పినా నాయన చెక్క విసిరేసేవాడు. ఇప్పుడు నేను కావాలని అన్ని గీతలూ తప్పు వేస్తున్నాను, లోపల నా పేరున్న చీటీ అంటించిన వాయిద్యం మీద. తెలిసినవాడెవడైనా చూస్తే ఈ ఆచారికి కొలత రాదంటాడు. రెండు రోజులు రంపం పట్టుకుని పక్కన పెట్టాను. మూడో రోజు కోశాను.

ఖాసింకు గీతలు జరిపిన సంగతి చెప్పకుండా చేతికిచ్చాను. ఒక పాట మొదలుపెట్టి సగంలో ఆపేశాడు. నావైపు చూశాడు. మళ్ళీ మొదటినుంచి వాయించాడు. పక్క షాపు టైలరు మిషను ఆపి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆ రోజు పాట అయిపోయేదాకా నేనూ పనివాణ్ని కాదు, వినేవాణ్ని.

“ఏం చేసినావన్నా?”

“నీ తప్పును కొలిచినా, అంతే.”

డిసెంబరులో మెహరున్నీసా గారు ధర్మవరం వచ్చారు. బంధువుల ఇంటి మిద్దె మీది గదిలో కూర్చున్నాం. పక్కింట్లో మగ్గాలు ఆడుతున్నాయి, ఆ చప్పుడు గోడలోంచి వస్తోంది. ఆవిడ వాయిద్యం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. పొట్ట మీద గోటితో కొట్టి తలూపింది. తర్వాత ఒక గీత మీద వేలుపెట్టి మీటింది. స్వరం పైకిపోయింది. ఇంకో గీత మీద పెట్టింది. అదీ పైకిపోయింది.

“మేస్త్రీగారూ, గీతలన్నీ తప్పుండాయే?”

“తప్పేనమ్మా. కావాలనే వేసినా.”

“ఎందుకు?”

“ఆయన వేలు పడేదాన్ని బట్టి వేసినా.”

“అంటే ఇది ఇంకెవరూ వాయించలేరు?”

“గీతలు నమ్ముకుంటే వాయించలేరమ్మా.”

ఆవిడ ఖాసింకు వాయిద్యం ఇచ్చి, తన ఎదురుగా కూర్చోమంది. అతను అలవాటుగా మెడవైపు తల వంచాడు.

“ఆడ కాదు భాయ్, ఈడ. నన్ను చూడు” అంది. “నేను ఒకే పాదాన్ని నాలుగు రకాలుగా తిప్పి పాడతా. యాడ ఆగుతానో నాకే తెలీదు. నా పెదాలు చూస్తా వాయించల్ల. మా మెహ్‌ఫిల్ కచేరీల్లో అందరూ అంతే.”

గజల్ బృందంలో వాయించేవాడు పాడే మనిషి ముఖంలోంచి కన్ను తీయకూడదన్న సంగతి నేను ఆలోచించనే లేదు. నేను చూసింది ఆర్కెస్ట్రా వాళ్ళను. వాళ్ళు నోట్సు చూస్తారు, చెయ్యి చూస్తారు, పెళ్ళికూతుర్ని చూస్తారు. ఇన్ని నెలలు కష్టపడి నేను కంటికోసం గీతలు వేశాను. ఆవిడ కన్నునే పక్కకు తిప్పేసింది.

పాట మొదలైంది. మొదటి పాదంలో ఖాసింకు రెండు చోట్ల స్వరం జారింది. అతను గబుక్కున గీతలవైపు చూశాడు. ఆవిడ పాడటం ఆపేసింది. కోప్పడలేదు, చేతులు ఒళ్ళో పెట్టుకుని అతను తలెత్తేదాకా కూర్చుంది. తలెత్తాక అదే పాదం మళ్ళీ అందుకుంది. ఈసారి ఒక్కచోట జారింది, అతను కిందికి చూడలేదు. ఆవిడ తిప్పింది, అతను వెంటబడ్డాడు. ఆవిడ ఆగింది, అతను ఒక్క క్షణం ముందే ఆగి ఎదురుచూశాడు. మూడో పాదానికి నేను తప్పులు వెతకడం మరిచిపోయాను. ఇది ఎలా సాధ్యమైందో తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే అర్థమైంది. గీతలు జరిపిన నాటినుంచీ అతను ప్రతిరోజూ సరైన స్వరం విన్నాడు. అంతకుముందు, ఫ్రెట్లు పీకేశాక, ఈ వాయిద్యం మీద పాటంతా సరైన స్వరంలో వినే అవకాశమే అతని చెవికి రాలేదు. విన్న చెవి వేలిని సరిదిద్దుకోవడం మొదలుపెట్టింది. ఇదంతా నేను అనుకుని చేసింది కాదు.

పాట అయ్యాక ఆవిడ మంచినీళ్ళు తాగింది.

“జనవరిలో మైసూరులో ప్రోగ్రాం ఉండాది. నీ బస్సు వాళ్ళకు చెప్పుకో” అంది.

ఖాసిం చొక్కా అంచుతో వాయిద్యం ముఖాన్ని తుడుస్తూ కూర్చున్నాడు. తర్వాత మెట్లమీదికి పోయి ఫోను చేశాడు. “ముంతాజ్, అటక మీద నుంచి గిటార్లు దించు” అనడం మాత్రం వినిపించింది. మిగతా మాటలు మగ్గాల చప్పుడులో కలిసిపోయాయి. నేను కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. దాచుకోవాల్సిన పనేమీ లేదు, సంతోషమే.

మరుసటి ఏడు వానాకాలం చివర్లో ఖాసిం మళ్ళీ వచ్చాడు. మనిషి కొంచెం ఒళ్ళు చేశాడు. బస్సు ఇంకా తోలుతున్నాడు, ప్రోగ్రాములున్నప్పుడు వేరే డ్రైవరును పెట్టుకుంటున్నాడు. వాయిద్యం బల్లమీద పెట్టి, నసుగుతూ నిలబడ్డాడు.

“ఏమప్పా, పగిలిందా?”

“ల్యాదన్నా. గీతలు తీసేయల్ల.”

“ఎందుకు? ఎట్లాగూ చూడవు గదా.”

“అప్పుడప్పుడూ కన్ను పడ్తాది. వెనకాల నొక్కే అలవాటు పోయింది గదా, గీత కనబడితే వేలు దాని మీదికే పోయి తప్పుతాంది.”

నేను నమ్మలేదు. సుద్దపొడి తెచ్చి, వేళ్ళు ముంచుకోమని, వాయించమన్నాను. తెల్ల మచ్చలు పడ్డాయి. స్కేలు పెట్టి కొలిచాను. గీతలు చూసి నొక్కిన చోట వేలు గీత మీదికే పోయింది, చూడకుండా నొక్కినప్పుడు మాత్రం అతని వేళ్ళకు గీతలతో పనే లేదు. స్వరం ఎక్కడ పలకాలో అక్కడే, నాయన మెచ్చే చోటే పడుతున్నాయి. నేను రెండు రోజులు మనసు చంపుకుని కోసిన గీతలు ఇప్పుడు అతనికి అడ్డం. నిజం చెప్పాలంటే బాధేసింది. నా పనిలో అంతకన్నా తెలివైనది నేను చేయలేదు, దాన్ని చెరిపేయమని అడుగుతున్నాడు. అడుగుతున్నవాడి ముఖం చూస్తే కాదనడానికి నోరు రాలేదు.

పసుపు పట్టీలన్నీ తవ్వి తీసేశాను. నల్ల చెక్క పొడిని జిగురులో కలిపి ఆ గాడుల్లో కూరి, ఆరాక నున్నగా పట్టాను. వెలుతురుకు అడ్డంగా పట్టి చూస్తే తప్ప అక్కడ గీతలుండేవని తెలియదు. ఖాసిం చెయ్యి వేసి తడిమి చూసుకుని, “ఇప్పుడు ఎవరన్నా వాయించొచ్చులేన్నా” అన్నాడు.

ఆ సంగతి నాలుగు ఊళ్ళకు పాకి, గిటారు వాయించేవాళ్ళు అప్పుడొకరు ఇప్పుడొకరు అదే వాయిద్యం కావాలని వస్తున్నారు. చిలమత్తూరు నుంచి ఒకతను, బెంగుళూరు నుంచి ఒకమ్మాయి. అందరికీ సుద్దపొడి పరీక్ష పెడతాను. ఒక్కొక్కరి వేలు ఒక్కొక్క చోట తప్పుతుంది. ఎవరి తప్పుకు తగ్గట్టు వాళ్ళకు గీతలు వేస్తాను. కానీ ఇప్పుడు చెక్క కోయను. తెల్ల పెన్సిలుతో గీస్తాను.

వాయిద్యం మనిషికి తగ్గట్టు ఉండాలని నాయన నేర్పాడు, అది తప్పని ఇప్పటికీ అనను. అయితే వాయించడం మొదలుపెట్టాక ఆ మనిషి కొలత ఇచ్చిన రోజున ఉన్నట్టు ఉండడు. ఇది నాకు ఖాసిం వల్ల తెలిసింది. మొన్న బెంగుళూరు అమ్మాయి ఫోను చేసి, గీతలు అరిగిపోతున్నాయి, వచ్చి మళ్ళీ వేయించుకోవాలా అని అడిగింది. అవసరం అనిపించినప్పుడు రమ్మన్నాను. ఇంకా రాలేదు.